పనిదొంగ ఎవరు?

ఉద్యోగం వదలకుండానే, విధించిన పనికి మించి ఏమీ చేయకుండా రోజు గడపడానికి 2022లో అమెరికాలో "నిశ్శబ్ద రాజీనామా" అన్న పేరు బాగా ప్రచారమైంది. దీనికి యువతరం సోమరితనమే కారణమన్నవారు చాలామంది. పేరు కొత్తదేగాని విషయం పాతది. కారణం పనివాడి స్వభావంలో గాక పని ఏర్పాటులోనే వున్నదని నా అభిప్రాయం. ఇందుకు సాక్షి యాజమాన్యం పక్షంవాడే కావడం గమనించదగ్గది.

ఫ్రెడరిక్ టేలర్ 1878లో ఫిలడెల్ఫియాలోని మిడ్వేల్ ఉక్కు కర్మాగారంలో చేరి, కొద్దికాలానికే లేతు పనివాళ్ళపై మేస్త్రీ అయ్యాడు. వాళ్ళు కూడబలుక్కుని తక్కువ పని చేస్తున్నారని గ్రహించాడు. ఎందుకు? అక్కడ కూలి చేసిన వస్తువుల లెక్కన ముట్టేది. చురుకైనవాడు ఎక్కువ వస్తువులు చేసి నాలుగు డబ్బులు వెనకేసుకుంటే, యాజమాన్యం వెంటనే రేటు తగ్గించేది. ఆపైన పాత కూలికే అందరూ ఎక్కువ చాకిరీ చేయాలి. కష్టపడినవాడికే నష్టం వచ్చేచోట ఎవడు కష్టపడతాడు? 1911లో వెలువడిన "శాస్త్రీయ నిర్వహణ సూత్రాలు" గ్రంథంలో టేలరే ఈ కారణాన్ని ఒప్పుకున్నాడు.

రోగం తెలిసికూడా ఆయన ఇచ్చిన మందు స్టాప్‌వాచీ! బెత్‌లెహేం ఉక్కు కర్మాగారంలో రోజుకు 12.5 టన్నుల ఇనుప దిమ్మెలు మోసే కూలీచేత 47.5 టన్నులు మోయించానని ఆ గ్రంథంలోనే రాసుకున్నాడు. కూలి మాత్రం 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని దాదాపు నాలుగు రెట్లయితే కూలి రెట్టింపైనా కాలేదు.

ఫోర్డు కర్మాగారంలో 1913లో కదిలే వరుస వచ్చింది. పని వేగాన్ని యంత్రమే నిర్ణయించేచోట నెమ్మదించడానికి వీల్లేదు. కాబట్టి పనివాళ్ళు మానేసి వెళ్ళిపోయారు. ఆ ఏడాది మానేసినవారి స్థానాల్లో కొత్తవారిని తీసుకోవడం 370 శాతానికి చేరింది. 1914 జనవరిలో ఫోర్డు 5 డాలర్ల రోజుకూలి ప్రకటించడానికి ఇదొక ముఖ్య కారణం.

అయితే పని తగ్గించుకోవడం ఆత్మరక్షణ మాత్రమే, పరిష్కారం కాదు. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలోని పోతపనివారు స్టాప్‌వాచీని ఎదిరించి బాహాటంగా సమ్మెకు దిగారు. కార్మిక సంఘాలు ఆందోళన సాగించాయి. 1915లో అమెరికన్ కాంగ్రెసు సైనిక వ్యయ చట్టంలో స్టాప్‌వాచీని నిషేధించే నిబంధన చేర్చింది. మిడ్వేల్ పనివాళ్ళు కనీసం కూడబలుక్కున్నారు. నేటి ఉద్యోగి తన బల్లదగ్గర తానొక్కడే మౌనంగా వుంటున్నాడు. అతని బలహీనత అక్కడే వుంది.

తెలుగులో పనిదొంగ అనే మాట వుంది. కూలిదొంగ అనే మాట నేను వాడుకలో వినలేదు. రేటు కోసినవాడికి మన భాష ఇంకా పేరు పెట్టవలసి వుంది. రేపు ఉద్యోగాలలో చేరబోయే మన విద్యార్థులకు ఆ రెండో మాట కూడా నేర్పుదాం.