పర్సనల్ కంప్యూటర్ నిల్వ: చోటు పెరిగిందా, అవసరం పెరిగిందా?

1981లో ఐబీఎం తెచ్చిన తొలి పర్సనల్ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ లేదు. ఫ్లాపీలో పట్టేది 160 కేబీ. 1983 నాటి పీసీ ఎక్స్‌టీలో 10 ఎంబీ హార్డ్ డిస్క్ వచ్చింది. 2007లో హిటాచీ 1 టెరాబైట్ డిస్క్ విడుదల చేసింది. అంటే 24 ఏళ్లలో లక్ష రెట్లు.

అవసరం పెరిగింది కాబట్టే సామర్థ్యం పెరిగిందని జవాబు రాసేయడం తేలిక. కానీ చాలా వరకు జరిగింది దీనికి తలకిందులు. చోటు చౌకయ్యాకే అవసరం పుట్టింది.

ఒక లెక్క చూడండి. 300 పేజీల తెలుగు పుస్తకం. పేజీకి అక్షరాలు, గుణింతపు గుర్తులు కలిపి 1,500 సంకేతాలు అనుకుందాం. 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీలో సంకేతానికి ఒక బైట్ చొప్పున మొత్తం 4.5 లక్షల బైట్లు. నేటి యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు, తెలుగు సంకేతానికి 3 కావాలి. అయినా 13.5 లక్షల బైట్లు దాటదు, పాత 1.44 ఎంబీ ఫ్లాపీలో పుస్తకమంతా పడుతుంది. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో మాత్రం మామూలుగా అందులో పట్టదు! చోటును మింగింది అక్షరం కాదు. బొమ్మ, పాట, వీడియో, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్. ఫ్లాపీల మీద అమ్మిన విండోస్ 95కే 13 ఫ్లాపీలు పట్టాయి.

చౌక కావడం వెనుక భౌతికశాస్త్రం ఉంది. 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ విడివిడిగా జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్‌ను కనుగొన్నారు. చాలా బలహీనమైన అయస్కాంత గుర్తులను కూడా చదవగల హెడ్‌లు దానితో సాధ్యమయ్యాయి. 1997లో ఐబీఎం దాన్ని హార్డ్ డిస్క్‌లలోకి తెచ్చింది. ఇద్దరికీ 2007లో నోబెల్ వచ్చింది (ప్రిలిమ్స్‌కు పనికొస్తుంది).

భారత్‌కు వస్తే కథ సుంకాలది. 1984 నవంబరు నాటి కొత్త కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించింది. 1997లో మనం డబ్ల్యూటీఓ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరాం, 2005 కల్లా దాని పరిధిలోని వస్తువులపై సుంకం సున్నాకు దిగింది. కొనేవాడికి డిస్క్ అందుబాటులోకి వచ్చింది, ఇక్కడ తయారుచేసేవాడు మాత్రం నిలవలేకపోయాడు. ఈ ఒప్పందం దేశీయ పరిశ్రమను దాదాపు తుడిచిపెట్టిందని, అసలు లాభం చైనాదేనని కేంద్ర వాణిజ్య శాఖే చెప్పింది. అందుకే 2015లో కుదిరిన ఒప్పంద విస్తరణకు భారత్ దూరంగా ఉండిపోయింది. మెయిన్స్‌లో స్వేచ్ఛా వాణిజ్యం గురించి రాసేటప్పుడు రెండు వైపులా చూపడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇప్పుడు డిస్క్ స్థానాన్ని ఫ్లాష్ మెమరీ ఆక్రమిస్తోంది. గుజరాత్‌లోని సానంద్‌లో మైక్రాన్ మెమరీ కేంద్రానికి 2023 జూన్‌లో కేంద్రం ఆమోదం తెలిపింది. అది చిప్‌లను కూర్చి పరీక్షించే కేంద్రం, వేఫర్లు బయటి నుంచే రావాలి.