ఇంజనుతో ఎగిరే పళ్లెం నమూనాలు

ఎగిరే పళ్లెం నమూనా అంటే గుండ్రటి ఆకారంతో, చిన్న పిస్టన్ ఇంజను బలంతో గాలిలోకి లేచే నమూనా విమానం. వీటిలో మూడు రకాలున్నాయి. మొదటి రకంలో పళ్లెమే రెక్క. ముందు అంచున ఉన్న ప్రొపెల్లర్ దాన్ని లాక్కుపోతుంది. రెండో రకంలో ఇంజను నడిమధ్యన నిలువుగా ఉంటుంది. ప్రొపెల్లర్ ఒకవైపు, పళ్లెం దానికి ఎదురువైపు తిరుగుతూ పైకి లేస్తాయి. మూడో రకంలో పళ్లెం మధ్యలో ఖాళీ ఉంటుంది; ఆ ఖాళీలో తిరిగే ఫ్యాను గాలిని కిందికి తోస్తుంది. ఇంటి దగ్గర తయారు చేసుకునేవి ఎక్కువగా మీటరు లోపు వ్యాసంతోనే ఉంటాయి. మనిషి నడిపే విమానాల్లో ప్రయోగాలతోనే ఆగిపోయిన ఈ ఆకారం నమూనాల్లో మాత్రం బాగా ఎగురుతుంది. అందుకు ముఖ్య కారణం బరువు.

చరిత్ర

‘ఎగిరే పళ్లెం’ అన్న పేరు 1947లో పుట్టింది. ఆ ఏడాది జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే అమెరికన్ పైలట్ వాషింగ్టన్ రాష్ట్రంలోని రెయినియర్ పర్వతం దగ్గర వింత వస్తువులు ఎగరడం చూశానని చెప్పాడు. పత్రికలు వాటికి ఆ పేరు పెట్టాయి. గుండ్రటి రెక్కల మీద ప్రయోగాలు అంతకుముందే జరిగాయి. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో క్లాయిడ్ స్నైడర్ 1930ల మొదట్లో ‘ఆరప్’ విమానాలు నిర్మించాడు. వృత్తిరీత్యా ఆయన పాదాల వైద్యుడు. బూటు మడమలో పెట్టే ఫెల్ట్ ముక్కను విసిరితే అది గాలిలో తేలుతూ పోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు.

ఇంజనుతో నడిచిన తొలి పళ్లెం నమూనాల్లో ప్రసిద్ధమైనది జర్మనీకి చెందిన ఆర్థర్ జాక్ తయారు చేసిన ఏఎస్-1. 1939లో లైప్‌జిగ్-మోకావ్‌లో ఇంజను నమూనా విమానాల పోటీ జరిగింది. జాక్ అక్కడికి 1.25 మీటర్ల వెడల్పున్న గుండ్రటి రెక్క నమూనాను తెచ్చాడు. అది నేల మీద నుంచి లేవలేదు. చేత్తో విసిరితే వంద మీటర్ల దాకా ఎగిరింది. విమానాల తయారీని పర్యవేక్షిస్తున్న ఎర్నస్ట్ ఊడెట్ ఆయనను ప్రోత్సహించాడు. ఆ ప్రోత్సాహంతో జాక్ మరికొన్ని నమూనాలు చేసి, చివరికి మనిషి నడిపే ఏఎస్-6ను కట్టాడు. 1944లో బ్రాండిస్‌లో పరీక్షించినప్పుడు అది కొద్దిగా నేల విడిచి ఒక పక్కకు ఒరిగిపోయింది. ఇంజను తిప్పుడు బలానికి ఎదురు నిలిచేంత వెడల్పు దాని రెక్కకు లేదు.

అదే కాలంలో అమెరికాలో చార్లెస్ జిమ్మర్‌మన్ ఇలాంటి పొట్టి రెక్క సమస్యను మరో దారిలో పరిష్కరించాడు. వెడల్పు తక్కువైన రెక్కల మీద ఆయన 1930ల మొదట్లో గాలి సొరంగంలో పరీక్షలు చేశాడు. తరవాత ఆయన రూపకల్పనతో వాట్ కంపెనీ వి-173ను నిర్మించింది. అది 1942 నవంబర్ 23న తొలిసారి ఎగిరింది. రెక్క రెండు కొసల్లోనూ పెద్ద ప్రొపెల్లర్లు అమర్చి, కొసల దగ్గర పుట్టే గాలి సుడులకు ఎదురు దిశలో తిప్పడం ఆయన ఉపాయం. చెరో 80 అశ్వశక్తి ఇంజన్లు రెండే ఉన్నా అది చాలా నెమ్మదిగా ఎగరగలిగింది. ముక్కు ఎంత పైకెత్తినా కుప్పకూలేది కాదు.

నిలువుగా లేచే పళ్లేల్లో పేరుపడ్డది కెనడాలో జాన్ ఫ్రాస్ట్ బృందం తయారు చేసిన ఆవ్రోకార్. దాని వ్యాసం 5.5 మీటర్లు. మూడు జెట్ ఇంజన్ల వేడిగాలి మధ్యలోని ఫ్యానును తిప్పేది. 1959 నవంబర్‌లో స్వేచ్ఛగా ఎగిరినా, నేల నుంచి మీటరు ఎత్తు దాటితే అదుపు తప్పి ఊగిపోయేది. 1961లో ఆ పథకాన్ని ఆపేశారు. మనిషి లేని యంత్రాలకు వచ్చేసరికి కథ మారింది. సికోర్‌స్కీ సంస్థ తయారు చేసిన ‘సైఫర్’ సుమారు 1.9 మీటర్ల వలయం. లోపల ఒకదానిమీద ఒకటి ఎదురెదురుగా తిరిగే రెండు రోటర్లు, వాటిని నడపడానికి 50 అశ్వశక్తి రోటరీ ఇంజను ఉండేవి. 1990ల్లో అది స్థిరంగా ఎగిరింది.

ఎగిరే సూత్రం

రెక్క వెడల్పు వర్గాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చే సంఖ్యే దాని నిష్పత్తి. మామూలు శిక్షణ నమూనాలకు అది 5 నుంచి 7 దాకా ఉంటే, పూర్తి వృత్తానికి 1.27 మాత్రమే. ఇంత తక్కువ నిష్పత్తి వల్ల కింది గాలి అంచులు చుట్టుకుని పైకి పోయి సుడులు కడుతుంది, ఈడ్పు పెరుగుతుంది. అయితే ఆ సుడులే పై ఉపరితలం మీది గాలిని అంటిపెట్టుకుని ఉండేలా చేస్తాయి. అందుకే మామూలు రెక్క గాలికి 15 డిగ్రీల కోణం దగ్గర పట్టు కోల్పోతే, గుండ్రటి రెక్క ముక్కు బాగా పైకెత్తినా తేలుతూనే ఉంటుంది. దిగేటప్పుడు ఇది కలిసివచ్చే గుణం. నష్టం ఏమిటంటే, ముక్కు పైకెత్తి ఎగరాలంటే ఇంజను బలం దండిగా కావాలి. ఇంజను ఆగితే దూరం తేలిపోదు, త్వరగా దిగిపోతుంది.

నమూనాలో ఈ లోపం అంతగా బాధించదు. కొలతలు రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగు రెట్లు, బరువు ఎనిమిది రెట్లు అవుతాయి. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మోసే బరువు రెండింతలవుతుంది. వెనక్కి లెక్క వేస్తే, నమూనా చిన్నదయ్యేకొద్దీ రెక్క మీది భారం తగ్గుతూ పోతుంది. 60 సెంటీమీటర్ల పళ్లెం వైశాల్యం దాదాపు 2,830 చదరపు సెంటీమీటర్లు. మొత్తం బరువు 300 గ్రాములైతే చదరపు డెసిమీటరుకు పది గ్రాములకు కాస్త ఎక్కువ పడుతుంది. అంత తేలికపాటి నమూనా మనిషి పరుగు వేగానికే గాలిలో నిలుస్తుంది.

రెక్కగా ఎగిరే పళ్లెం నిర్మాణం

ఇందులో అన్నిటికన్నా ముఖ్యం బరువు కేంద్రం. చూపుకు పళ్లెం మధ్యే సమతూకపు చోటనిపిస్తుంది. అక్కడ తూకం కుదిరిస్తే నమూనా చేయి వదలగానే వెనక్కి తిరగబడుతుంది. గుండ్రటి రెక్క మీద ఎత్తుడు బలం ముందు అంచు నుంచి వ్యాసంలో సుమారు నాలుగో వంతు దగ్గర పనిచేస్తుంది. బరువు కేంద్రం దానికి ముందుండాలి. 60 సెంటీమీటర్ల పళ్లేనికి ముందు అంచు నుంచి 12–13 సెంటీమీటర్ల దగ్గర పెట్టి మొదలుపెట్టడం క్షేమం. ఇంజను ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఈ తూకం కుదరడం కష్టం కాదు; వెనక భాగాన్ని వీలైనంత తేలికగా ఉంచాలి.

చట్రానికి బాల్సా కర్ర వాడతారు. అంచు వలయం కోసం సన్నటి బాల్సా పట్టీలను నీటిలో నానబెట్టి, గుండ్రటి అచ్చు చుట్టూ వంచి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికిస్తారు. ఆరాక అది తేలికైన, గట్టి వలయమవుతుంది. ముందు నుంచి వెనక్కి ఒక వెన్నుపట్టీ, దానికి సమాంతరంగా పక్కటెముకలు వేస్తారు. ఇంజను బిగించే చోట 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక పెట్టి, ఇంధనం ఇంకకుండా ఎపాక్సీ పూస్తారు. పైన పల్చటి టిష్యూ కాగితం వేసి, దాన్ని బిగుతు చేసే డోప్ పూయవచ్చు, లేదా ఇస్త్రీపెట్టెతో అతికించే ప్లాస్టిక్ ఫిల్ము పరచవచ్చు. చట్రం లేకుండా నురుగు పలకలోనే పళ్లెం కోసుకోవడం తేలిక పద్ధతి. అయితే మామూలు సూపర్ గ్లూ థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. నురుగుకు సరిపడే జిగురే వాడాలి.

వేరే తోక ఉండదు కాబట్టి వెనక అంచును రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వంచుతారు. ముక్కు కిందికి వాలకుండా అది ఆపుతుంది. రేడియోతో నడిపేవాటికి వెనక అంచున రెండు ఎలివాన్లు ఉంటాయి. రెండూ కలిసి కదిలితే పైకీ కిందికీ, విడిగా కదిలితే పక్కలకూ మలుపుతాయి. నిలువు రెక్కలు రెండు వెనక వైపు నిలుపుతారు. జాక్ విమానాన్ని ఒరగదోసిన తిప్పుడు బలం ఇక్కడా ఉంటుంది. ముందు నుంచి చూస్తే మామూలు ఇంజను అపసవ్యంగా తిరుగుతుంది, ఆ బలం నమూనాను ఎడమవైపు ఒరగదోస్తుంది. అందుకే ఇంజను ముఖాన్ని రెండు మూడు డిగ్రీలు కుడికీ, అంతే కిందికీ తిప్పి బిగిస్తారు.

తిరిగే పళ్లెం

ఈ రకంలో తిప్పుడు బలమే పనిముట్టు. ఇంజనును పళ్లెం మధ్యలో, ప్రొపెల్లర్ పైకి ఉండేలా బిగిస్తారు. ప్రొపెల్లర్ నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతుంటే, ఎదురు బలం పళ్లేన్ని వ్యతిరేక దిశలో కొన్ని వందల చుట్లు తిప్పుతుంది. పళ్లెంలో ఆకులు కోసి వాలుగా వంచితే అవి కూడా కొంత ఎత్తుడు బలం ఇస్తాయి. తిరగడం వల్ల పళ్లేనికి బొంగరం నిలకడ వస్తుంది. ఇంధనం అయిపోయాక ఆకులు గాలికి తిరుగుతూ నమూనాను మెల్లగా దింపుతాయి.

చిక్కు ఇంధనం దగ్గర వస్తుంది. ట్యాంకు కూడా తిరుగుతుంది కాబట్టి ఇంధనం బయటి గోడకు పోయి అంటుకుంటుంది. పీల్చే గొట్టం చివర ఆ గోడ వైపే ఉండాలి. ట్యాంకు అక్షానికి దగ్గరగా, చిన్నదిగా ఉండాలి. పళ్లేన్ని వేళ్ల మీద తిప్పి బరువు అన్ని వైపులా సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. తేడా ఉంటే వణుకుకు ఇంజను మరలు ఊడిపోతాయి. ఈ రకానికి దిశ మార్చే వీలుండదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. అందుకే గాలి లేని ఉదయాల్లో ఎగురవేస్తారు.

ఇంజను, ఇంధనం

ఈ నమూనాలకు బాగా నప్పింది 0.8 ఘన సెంటీమీటర్ల గ్లో ఇంజను. కాలిఫోర్నియాలోని కాక్స్ కంపెనీ 1950ల నుంచి ఈ కొలతలో తయారు చేసిన ఇంజన్లు లక్షల ఇళ్లకు చేరాయి. బేబ్ బీ రకానికి ట్యాంకు వెనకే అతుక్కుని ఉంటుంది. 6 అంగుళాల వ్యాసం, 3 అంగుళాల పిచ్ ఉన్న ప్రొపెల్లర్ దానికి సరిపోతుంది. 1947లో రే ఆర్డెన్ మార్కెట్‌లోకి తెచ్చిన గ్లో ప్లగ్ ఇలాంటి చిన్న ఇంజన్లకు దారి వేసింది. మొదట్లో 1.5 వోల్టుల బ్యాటరీతో ప్లగ్‌లోని ప్లాటినం తీగను ఎర్రగా కాల్చి ఇంజనును స్టార్ట్ చేస్తారు. తరవాత బ్యాటరీ తీసేసినా మిథనాల్ చర్య వల్ల తీగ వేడిగానే ఉంటుంది. స్పార్కు పెట్టించే కాయిలూ బ్యాటరీలూ మోయనక్కర్లేదు.

గ్లో ఇంధనంలో ప్రధాన భాగం మిథనాల్, కొంత నైట్రోమీథేన్, కందెనగా ఆముదం. పాతకాలపు చిన్న ఇంజన్లకు ఆముదమే శ్రేష్ఠం; వేడికి తట్టుకుని పిస్టన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదానికి ఇది అంతగా తెలియని వాడుక.

ఎగురవేత, జాగ్రత్తలు

ఇంజను నడపకముందు రెక్కగా ఎగిరే పళ్లేన్ని గడ్డి నేల మీద చేత్తో విసిరి చూడాలి. ముక్కు పైకి లేస్తే ముందు కొంచెం బరువు పెట్టాలి. పొడుచుకుపోతే వెనక అంచును కాస్త పైకి వంచాలి. తొలిసారి ట్యాంకు నింపకూడదు. మిథనాల్ మంట పగటి వెలుతురులో సరిగా కనిపించదు, మిథనాల్ విషం కూడా. కాబట్టి సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా ఉంచాలి. ఇంజనును స్టార్ట్ చేయడానికి వేలు బదులు కర్రముక్క వాడాలి. ప్రొపెల్లర్ తిరిగే తలం వరసలో ఎవరూ నిలబడకూడదు.

భారతదేశంలో 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 25 కిలోల లోపు ఉండి, చదువుకో వినోదానికో కంటికి కనిపించేంత దూరంలోనే ఎగిరే రిమోట్ యంత్రాన్ని నమూనా విమానంగా లెక్కిస్తారు. ముందస్తు అనుమతి అక్కర్లేని ఆకుపచ్చ మండలంలో మామూలుగా 120 మీటర్ల ఎత్తు దాకా ఎగరవచ్చు. విమానాశ్రయం ప్రహరీకి 8–12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 60 మీటర్లే. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన క్షేత్రాల మధ్య ఉన్న హైదరాబాద్ పరిసరాల్లో మైదానం ఎంచుకునే ముందు ఈ మండలాలను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూసుకోవడం తప్పనిసరి.

నేటి స్థానం

చిన్న ఎలక్ట్రిక్ మోటార్లు, లిథియం బ్యాటరీలు, గైరో సెన్సార్లు వచ్చాక పళ్లెం నమూనాలు ఎక్కువగా కరెంటు వైపు మళ్లాయి. ఆవ్రోకార్‌ను ముంచిన ఊగిసలాటను ఇప్పుడు గోరంత చిప్ సెకనుకు వందలసార్లు సరిదిద్దుతుంది. ఇంజను నమూనాకు ఆ సాయం ఉండదు. తూకం, వంపు, ఇంజను కోణం అన్నీ నేల మీదే కుదరాలి. గుండ్రటి రెక్క గుణదోషాలు చేతికి నేరుగా తెలియాలనుకునేవారు అందుకే ఇప్పటికీ దీన్ని కట్టుకుంటున్నారు.