పారిజాతానికి దుఃఖం ఎవరు అంటగట్టారు?

పారిజాతం మొక్క శాస్త్రీయ నామం నిక్టాంథెస్ ఆర్బర్-ట్రిస్టిస్. మొదటి ముక్కది గ్రీకు మూలం, రాత్రి పువ్వు అని అర్థం. రెండోది లాటిన్, దుఃఖపు చెట్టు. రాత్రి పువ్వు సరే, పొద్దుగూకాక విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోయేదానికి ఎవరైనా అదే పేరు పెడతారు. మరి ఈ దుఃఖం ఎక్కణ్ణించి వచ్చింది? తెలుగులో పారిజాతం అంటే అలక, పంతం, సవతుల పోరు. తిమ్మన సత్యభామ ఏడ్చింది, నిజమే. కానీ అది చివరికి చెట్టుని వేళ్ళతో సహా పెరట్లోకి తెప్పించుకున్న ఏడుపు. దాన్ని విషాదం అనలేం.

ఆ పేరు వెనక గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుడున్నాడు. 1534లో గోవాకి వచ్చినవాడు మళ్ళీ స్వదేశం వెళ్ళలేదు. ఇక్కడి మందుల మీద, మసాలా దినుసుల మీద, చెట్ల మీద ఒక పుస్తకం రాస్తే 1563లో గోవాలోనే అచ్చయింది. పుస్తకమంతా సంభాషణే. రువానో అనే కల్పిత వైద్యుడు అడుగుతుంటాడు, ఓర్తా చెబుతుంటాడు. (పోర్చుగల్ మహాకవి కమోయిష్ కవిత మొదటిసారి అచ్చులో కనిపించింది కూడా ఈ మందుల పుస్తకంలోనే అంటారు. సాహిత్య చరిత్రలో ఇలాంటి తమాషాలు నాకు భలే ఇష్టం.)

అందులో ఒక సంభాషణ ఈ చెట్టు గురించి. పగలు పూయదు, రాత్రే పూస్తుంది, పువ్వు కాడలు వంటకి కుంకుమపువ్వులా రంగునిస్తాయి అని చెప్పి, జనం చెప్పుకునే ఒక కట్టుకథ కూడా చేర్చాడు. పరిజతకో అనే దొరకి ఒక అందమైన కూతురు. ఆమె సూర్యుణ్ణి ప్రేమించింది. ఆయన కొన్నాళ్ళుండి వేరొకరి కోసం వదిలేసి పోయాడు. ఆమె ప్రాణం తీసుకుంది. దహనం చేశాక ఆ బూడిదలోంచి ఈ చెట్టు మొలిచింది. అందుకే దీని పూలకి సూర్యుడి మొహం చూడటం ఇష్టం ఉండదట.

ఈ కథని ఎవరు రాశారో తెలిశాక మామూలుగా చదవడం కష్టం. ఓర్తాది బలవంతాన క్రైస్తవంలోకి మార్చబడిన యూదుల కుటుంబం. గోవాలో మతవిచారణ సంస్థ, అదే ఇంక్విజిషన్, మొదలైంది 1560లో. అంటే ఈ పుస్తకం అచ్చయ్యేనాటికి అది ఆ ఊళ్ళోనే ఉంది. 1568లో ఓర్తా చనిపోయాడు. ఆ మరుసటి ఏడే అతని చెల్లెలు కతరీనాని రహస్యంగా యూదు మతం పాటిస్తోందన్న నేరం మీద తగలబెట్టారు. 1580లో, అంటే పోయిన పన్నెండేళ్ళకి, ఓర్తా ఎముకల్ని తవ్వితీసి వాటినీ కాల్చారు. బూడిదలోంచి చెట్టు మొలిచిన కథ రాసినవాడికి సమాధి కూడా మిగల్లేదు. ఇందులో ప్రతీకలు వెతకాలని నాకు లేదు, జరిగింది జరిగినట్టు చెప్తే చాలు.

పుస్తకం మాత్రం బతికింది. 1567లోనే క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని లాటిన్‌లోకి సంక్షిప్తం చేసి ఆంట్‌వెర్ప్‌లో అచ్చేయించాడు. యూరప్ పండితులు ఎక్కువగా చదివింది దాన్నే. 1753లో లినేయస్ చెట్లన్నిటికీ రెండు ముక్కల పేర్లు పెట్టేటప్పుడు దుఃఖపు చెట్టు కూడా ఖాయమైపోయింది. అప్పుడాయన మన మల్లెని కూడా నిక్టాంథెస్‌లోనే వేశాడు. 1789లో ఐటన్ దాన్ని తీసి జాస్మినమ్‌లో కలిపాడు. వృక్షశాస్త్రంలో పేర్ల లెక్క 1753 నుంచే మొదలు, తర్వాత ఎంత మంచి పేరు తట్టినా మొదటిదే చెల్లుతుంది. మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ఒకసారి బయటికి రిలీజ్ చేసిన ఏపీఐ పేరు ఎంత తప్పుగా అనిపించినా మార్చడానికి చేతులు రావు.

నన్ను ఎక్కువగా ఆపింది వేరే విషయం, ఆ దొర పేరు. పరిజతకో అంటే పారిజాతక్. మరాఠీవాళ్ళు ఇప్పటికీ ఈ చెట్టుని అలాగే అంటారు. సంస్కృతంలో దీని పేరు శేఫాలిక. బెంగాలీలో శిఉలి అయింది అదే. పారిజాతమేమో పాలసముద్రంలో పుట్టి ఇంద్రుడి తోటకి చేరిన చెట్టు, దాని పువ్వు వాడదని పురాణాల మాట. మన పువ్వు పొద్దున పదింటికే నీరసిస్తుంది. అయినా స్వర్గం పేరు ఈ పెరటి చెట్టుకి అంటుకుంది. 1563 నాటికే పడమటి తీరంలో జనం నోట ఆ పేరు స్థిరపడిందని ఓర్తా విన్న కథ సాక్ష్యం చెబుతోంది. అంతకు కొన్ని దశాబ్దాల ముందే రాయల కొలువులో తిమ్మన పారిజాతాపహరణం రాశాడు. ఒకే పేరు చుట్టూ అక్కడ చితి, ఇక్కడ పడకటింటి అలక.

అందుకే ప్రతి వానాకాలం వాట్సాప్‌లో జరిగే బ్రహ్మకమలం గొడవలో నేను పండితుల పక్షం కాదు. ఎవరో అర్ధరాత్రి విచ్చిన తెల్లపువ్వు ఫొటో పెడతారు. పక్కింటి పిన్నిగారిని లేపి, హారతిచ్చి మరీ తీసిన ఫొటో అది. వెంటనే ఇంకొకరు దిగుతారు: అది బ్రహ్మకమలం కాదండీ, మెక్సికో నుంచి వచ్చిన నాగజెముడు జాతి, అసలుది హిమాలయాల్లో పూస్తుంది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. చెప్పింది అక్షరాలా నిజం. కానీ శేఫాలిక పారిజాతం అయినప్పుడూ జరిగింది ఇదే కదా. అప్పట్లో దిద్దడానికి వాట్సాప్ లేదు. చంద్రకాంత అమెరికాదే, నేలసంపెంగ మెక్సికోదే, రేరాణి కూడా అటునుంచి వచ్చిందే. మన పెరటి రాత్రి సగం సముద్రం దాటి వచ్చింది. బ్రహ్మకమలమైతే మన ఇళ్ళలో విత్తనంతో పెరిగింది కాదు. ఆకులా కనిపించే కాండం ముక్క ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేతులు మారుతూ ఇంతదూరం వచ్చింది. పేరు కూడా ఆ ముక్కతోపాటే వచ్చింది.

పెంచేవాళ్ళకి ఒక మాట. రాత్రి పువ్వు కదా అని పారిజాతాన్ని నీడలో పెడితే ఆకులే మిగులుతాయి. సూర్యుడి మొహం చూడనన్న ఆ రాకుమారికి రోజూ అయిదారు గంటల ఎండ తగలకపోతే సరిగా పూయదు. పెద్ద కుండీ కావాలి, పూత అయిపోయాక కొమ్మలు కత్తిరించాలి. సాయంత్రమే చెట్టు కింద పాత చీర పరిచి ఉంచితే మట్టి అంటకుండా పూలు దొరుకుతాయి. నేల రాలిన పువ్వు దేవుడికి పెట్టకూడదంటారు కానీ పారిజాతానికి ఆ నియమం లేదు. పూజ అయ్యాక ఆ నారింజ కాడల్ని పారేయకండి. ఓర్తా కుంకుమపువ్వుతో పోల్చింది ఊరికే కాదు, రెండింటికీ ఆ రంగునిచ్చేది క్రోసిన్ అనే ఒకే పదార్థం. నీడన ఆరబెట్టి వేడినీళ్ళలో వేస్తే అయిదు నిమిషాల్లో పసుపు దిగుతుంది.