గురువు శ్రద్ధ - శిష్యుని అభ్యుదయం

హిజ్రీ రెండవ శతాబ్దంలో ఇరాక్‌లోని కూఫా నగరం గొప్ప విద్యాకేంద్రం. అక్కడి ఒక నిరుపేద కుటుంబంలో యాఖూబ్ బిన్ ఇబ్రాహీం జన్మించాడు. తరువాతి కాలంలో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ)గా ప్రసిద్ధి చెందినది ఈయనే.

యాఖూబ్ మొదట ఇబ్నె అబీ లైలా వద్ద, పిదప ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) వద్ద విద్య నేర్చాడు. కాని ఇంట్లో పూట గడవడమే కష్టం. చదువు మాని సంపాదించమని తండ్రి చెప్పినట్లు ఒక కథనం; తల్లియే వచ్చి పాఠం నుండి తీసుకుపోయేదని మరొక కథనం. తల్లిదండ్రులను నిందించే పని లేదు. ఆకలి అలా పలికించింది.

ఇక్కడ గమనించవలసినది గురువు ప్రవర్తన. ఎందరో శిష్యులున్న ఆ సభలో ఒక పేద బాలుడు రాకపోవడం ఆయన దృష్టిని దాటిపోలేదు. అతడు తిరిగి రాగానే కారణం అడిగారు. అందరూ వెళ్ళిన తరువాత, ఎవరి కంటా పడకుండా, నూరు దిర్హములున్న సంచి చేతికిచ్చారు. అవి అయిపోగానే చెప్పమన్నారు. కాని శిష్యుడు నోరు తెరవకముందే మళ్ళీ ఇస్తూ వచ్చారు. ఇమామ్ గారు పట్టువస్త్రాల వర్తకులు. స్వార్జితమే ఈ విధంగా వినియోగమైంది.

ధనమొక్కటే ఇచ్చి ఊరుకోలేదు. ఆయన సభలో ప్రతి సమస్యపైనా చర్చ జరిగేది. శిష్యులు గురువుతో విభేదించవచ్చును. అబూ యూసుఫ్ (రహ్మ) అనేక విషయాలలో విభేదించారు కూడా. అయినను ఆయన హనఫీ ఫిఖ్హ్‌కు మూలస్తంభమైనారు.

గురువు న్యాయాధికార పదవిని నిరాకరించి, చెరసాల అనుభవించి, హి. 150 (క్రీ.శ. 767)లో పరమపదించారు. శిష్యుడు హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయినారు. ఖలీఫా కొరకు రచించిన 'కితాబుల్ ఖరాజ్'లో, జిజ్యా వసూలుకై జిమ్మీలను కొట్టరాదనీ, ఎండలో నిలబెట్టరాదనీ హితవు చెప్పారు. హి. 182 (క్రీ.శ. 798)లో మరణించారు.

నేడు మన బస్తీలలో, పల్లెలలో చదువు మానుతున్న పిల్లలెందరో! హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తు వేయడంతో ఉపాధ్యాయుని బాధ్యత తీరిపోదు. ఆ బిడ్డ ఎందుకు రాలేదని అడగడం, సహాయమవసరమైతే అతని గౌరవానికి భంగం రాకుండా చేయడం మనందరి విధి. ఇందుకు గొప్ప సంపద అక్కరలేదు. ఒక బిడ్డ లేని లోటును గుర్తించే హృదయం చాలును.