ఎల్లోస్టోన్ బుగ్గలకి ఆదివాసీలు నిజంగా భయపడ్డారా?



పోటీ పరీక్షలకి చదివే మనందరికీ ఒక బిట్ కంఠస్థం. ప్రపంచంలో మొట్టమొదటి జాతీయ పార్కు ఏది? ఎల్లోస్టోన్, అమెరికా, 1872. బిట్ అక్కడితో అయిపోతుంది. అంతకుముందు ఆ నేల మీద ఎవరున్నారన్న ప్రశ్న మనం చదివే గైడుల్లో కనబడదు. ఈ పోస్టు ఆ ప్రశ్న గురించే. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ నేల సంగతి చూద్దాం. ఎల్లోస్టోన్ అడవి కింద ఒక సూపర్ వోల్కనో ఉంది. ఒకే పేలుడులో 1000 ఘన కిలోమీటర్లకి పైగా బూడిద, రాయి కక్కే అగ్నిపర్వతాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఎల్లోస్టోన్ మూడుసార్లు భారీగా పేలింది. సుమారు 21 లక్షలు, 13 లక్షలు, 6.4 లక్షల ఏళ్ళ కిందట. ఇందులో మొదటిదీ చివరిదీ ఆ కొలతకి అందినవి. చివరిసారి లోపలి శిలాద్రవం బయటికి పోయాక పైనేల కుంగిపోయింది. దాదాపు 70 కిలోమీటర్ల పొడవు, 45 కిలోమీటర్ల వెడల్పు పల్లం మిగిలింది. దాన్నే కాల్డెరా అంటారు. కొండలాగా శిఖరం కనబడదు కాబట్టి, దాని మధ్యలో నిలబడినా అది అగ్నిపర్వతమని తెలియదు.

రేపో మాపో పేలుతుందని చెప్పే వీడియోలు నమ్మకండి. కింద ఉన్నదాంట్లో ఎక్కువ భాగం గట్టిపడిన రాయే. ఒక ఏడాదిలో అంత పెద్ద పేలుడు వచ్చే అవకాశం సుమారు 7 లక్షల 30 వేలలో ఒక వంతు అని అమెరికా భూగర్భ సర్వే లెక్క.

వేడి మాత్రం ఇంకా ఉంది. వాన నీళ్ళు, మంచు కరిగిన నీళ్ళు లోపలికి ఇంకి, కాగి, పైకి వస్తాయి. అలాంటి వేడినీటి బుగ్గలు, ఆవిరి రంధ్రాలు, బురద గుంటలు, గీజర్లు అన్నీ కలిపి అక్కడ 10,000కి పైగా ఉన్నాయి. ప్రపంచంలో ఉన్న గీజర్లలో సగం అక్కడివే. గీజర్ అంటే మన బాత్రూంలో పెట్టుకునేది కాదు, ఉండుండి ఆకాశంలోకి నీళ్ళు చిమ్మే బుగ్గ. దాని దారి ఒకచోట ఇరుగ్గా ఉంటుంది. పైనున్న నీటి బరువు వల్ల అడుగు నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. పైన కొంచెం పొర్లగానే ఒత్తిడి తగ్గుతుంది, అడుగు నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై అంతా పైకి ఎగజిమ్ముతుంది. కుక్కర్ మూత ఆవిరి పోకముందే తీస్తే ఏమవుతుందో అదే.

ఇప్పుడు అసలు విషయం. ఆదివాసీలు ఈ బుగ్గల్ని చూసి, దయ్యాలున్నాయని భయపడి అటువైపే రాలేదని చాలా ఏళ్ళు రాశారు, యాత్రికులకి చెప్పారు. అంటే పార్కు పెట్టేనాటికి అది ఎవరిదీ కాని ఖాళీ నేల అన్నమాట.

ఆ మాట తప్పని రాళ్ళే చెప్తున్నాయి. పార్కులో అబ్సిడియన్ క్లిఫ్ అనే గుట్ట ఉంది. లావా త్వరగా చల్లారి నల్లటి గాజులా మారిన రాయి అది. చెక్కితే బ్లేడులాంటి అంచు వస్తుంది. బాణపు మొనలకి, కత్తులకి జనం 11,000 ఏళ్ళకి పైగా ఆ రాయి తవ్వుకున్నారు. ప్రతి అగ్నిపర్వతం గాజులో రసాయనాల పాళ్ళు వేరు, మనిషి వేలిముద్రలాగా. ఆ పరీక్ష చేస్తే, రెండు వేల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న ఒహాయోలో, సుమారు 2,000 ఏళ్ళ నాటి హోప్‌వెల్ మట్టిదిబ్బల్లో దొరికిన రాయి ఇక్కడిదేనని తేలింది. భయపడి దూరంగా ఉన్నవాళ్ళు ఇంత వ్యాపారం ఎలా చేస్తారు?

ఆ కొండల్లోనే ఉండిపోయిన వాళ్ళు టుకుడికా జనం, షోషోనీల్లో ఒక శాఖ. అడవిగొర్రె కొమ్ముల్ని వేడిబుగ్గల్లో నానబెట్టి, మెత్తబడ్డాక వంచి విల్లులు చేసేవాళ్ళు. ఆ విల్లులకి చుట్టుపక్కల తెగల్లో మంచి గిరాకీ. వాళ్ళకి ఆ బుగ్గ ఒక కొలిమి.

మరి భయం కథ ఎందుకు? 1877లో నెజ్ పెర్స్ జనం తమ భూమి పోగొట్టుకుని, సైన్యం తరుముతుంటే, పిల్లాపాపలతో దాదాపు 800 మంది ఈ పార్కు గుండానే వెళ్ళారు. కొందరు యాత్రికులు వాళ్ళకి చిక్కారు, ఇద్దరు చనిపోయారు. నెజ్ పెర్స్ జనం అక్టోబర్ 5న కెనడా సరిహద్దుకి కొద్ది దూరంలో లొంగిపోయారు. ఇక యాత్రికులు రావాలంటే పార్కులో ఆదివాసీలు లేరని నమ్మించాలి. 1877 నుంచి 1882 దాకా పార్కు అధికారిగా ఉన్న నోరిస్ ఈ భయం కథని బాగా ప్రచారం చేశాడు. అదే నోరిస్ 1879లో ఆదివాసీల దాడికి తట్టుకునేలా గుట్ట మీద కోటలాంటి ఆఫీసు కట్టించాడు. బుగ్గలకి భయపడి రానివాళ్ళ కోసం కోట ఎందుకో ఆలోచించండి. టుకుడికా జనాన్ని విండ్ రివర్, ఫోర్ట్ హాల్ రిజర్వేషన్లకి పంపేశారు.

ఇంకో పేరు కూడా తెలుసుకోవాలి. 1870 జనవరిలో మరియాస్ నది దగ్గర సైన్యం కనీసం 173 మంది పీగన్ బ్లాక్‌ఫీట్ ఆదివాసీల్ని చంపింది. మశూచితో మంచాన పడ్డ పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఆ దాడిలో ముందున్న డోన్ అనే అధికారి అదే ఏడాది ఎల్లోస్టోన్ అన్వేషణకి వెళ్ళాడు, పార్కులో ఒక కొండకి అతని పేరు పెట్టారు. తెగలు పోరాడగా 2022లో ఆ పేరు తీసేసి ఫస్ట్ పీపుల్స్ మౌంటెన్ అని మార్చారు. ఈ రోజు 27 తెగలకి ఆ నేలతో సంబంధం ఉందని పార్కు వాళ్ళే ఒప్పుకుంటున్నారు.

మనకెందుకు ఇదంతా అంటారా? మనుషులు లేనిదే అసలైన అడవి అనే ఆలోచన లోకమంతా పాకడానికి ఎల్లోస్టోనే నమూనా. నల్లమలలో పులుల పేరు చెప్పి చెంచు పెంటల్ని కదిలించే మాట వచ్చినప్పుడు దాని వెనక ఉన్నది ఆ ఆలోచనే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా అలా కదిలించకూడదు. కానీ హక్కు అడిగినప్పుడు మనం అక్కడ ముందునుంచీ ఉన్నామని చూపించాలి. అక్కడ నల్లరాయి సాక్ష్యం చెప్పింది. మన దగ్గర గుట్టలు, వాగులు, బుగ్గలకి మన భాషల్లో ఉన్న పేర్లే సాక్ష్యం. ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఆ పేర్లు, ఎవరు ఏ పనికి వాడేవాళ్ళో అన్నీ నోట్‌బుక్కులో రాసుకుందాం. వాళ్ళు ఉండగానే రాసుకుందాం.

జోహార్.