రాళ్ళొకచోట, మనుషులొకచోట

చెన్నైలో ఆరేళ్ళు ఉద్యోగం చేసి కూడా సెయింట్ జార్జి కోట లోపలికి వెళ్ళలేదు నేను. లోపల సెక్రటేరియట్ ఉంది కదా, మనల్నెవరు రానిస్తార్లే అనుకునేవాణ్ణి. మొన్నామధ్య ఒక శనివారం మా టీమ్ కుర్రాడొకడు పట్టుబట్టి లాక్కెళ్ళాడు. గేటు దగ్గర పోలీసులు సంచీ వెతికి పంపించేశారు, అంతే!

ఆ కోటలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. 1678లో మొదలుపెట్టి 1680లో పూర్తిచేశారు. సూయజ్‌కి తూర్పున ఇంతకంటే పాత ఆంగ్లికన్ చర్చి లేదంటారు. ఫిరంగి గుండు పడినా తట్టుకునేలా పైకప్పు కూడా కమానులాగా, బాగా మందంగా కట్టారు. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో జరిగింది ఇక్కడే.

చర్చి చుట్టూ అన్నీ సమాధి రాళ్ళే, నేలమీద బండల్లా పరిచేశారు. మావాడు అడుగు వెయ్యడానికి మొహమాటపడుతూ "కింద మనుషులుంటారు కదన్నా" అన్నాడు. కింద ఎవరూ లేరు. అసలు శ్మశానం కోట బయట, తర్వాత లా కాలేజీ కట్టిన చోట ఉండేది. 1758 చివర్లో లాలీ నాయకత్వంలో ఫ్రెంచివాళ్ళు కోటని ముట్టడించినప్పుడు ఆ సమాధుల్నే చాటు చేసుకున్నారు. ముట్టడి వీగిపోయాక, ఇంకోసారి శత్రువుకి ఆ అవకాశం ఉండకూడదని ఇంగ్లీషువాళ్ళు సమాధులు కూలగొట్టి, పేర్లున్న రాళ్ళని మాత్రం ఇక్కడికి తెచ్చారు. ఎముకలు అక్కడే ఉండిపోయాయి. 1782లో హైదర్ అలీ భయంతో ఈ రాళ్ళు కొన్ని పీకి ఫిరంగుల కింద కూడా పెట్టారు. మన భాషలో చెప్పాలంటే అన్నీ డాంగ్లింగ్ పాయింటర్లే... అడ్రసుంది, అక్కడ డేటా లేదు.

లోపల మాత్రం ఒక పేరు చూసి ఆగిపోయాను. సర్ థామస్ మన్రో!

మాది అనంతపురం జిల్లా. అక్షరమ్ముక్క రాని మా అవ్వకి కూడా మన్రో దొర తెలుసు. గండి లోయలో ఆయనకి బంగారు తోరణం కనిపించిందనీ, అది కనపడినవాడు ఎక్కువ కాలం బతకడనీ కథలు చెప్పేది. 1800లో నిజాం మన సీమని కంపెనీకి ధారపోశాక 1807 దాకా ఆయనే కలెక్టరు. పాలెగాళ్ళని అణిచాడు, రైతుతో నేరుగా శిస్తు లెక్క తేల్చే రైత్వారీ పెట్టాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో మళ్ళీ సీమకొచ్చి, జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చారు. 1831లో అవశేషాలు తీసి ఈ చర్చికి తెచ్చారు. అంటే బయట మనుషుల్లేని రాళ్ళు, లోపల చోటు మారిన మనిషి.

ఆయన్ని దేవుడంటే నాకు మింగుడుపడదు. శిస్తు నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే రాశాడు. అంటే అది ఎక్కువని తెలిసీ అన్నేళ్ళూ వసూలు చేసినట్టే కదా? అప్పుడు పైవాళ్ళు ఒప్పుకోలేదు, తను గవర్నరయ్యాక గానీ తగ్గలేదు. అయినా సీమలో పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారంటే, నాకు తోచిన కారణం ఒకటే. ఆ మనిషి గుడారాలేసుకుని ఊరూరా తిరిగాడు, చేను చేనూ కొలిపించాడు. దొర మన గడప దాకా వచ్చాడన్నదే జనానికి గుర్తుండిపోయింది. ఎముకలు మద్రాసు తీసుకుపోయినా ఆ కథ మాత్రం సీమలోనే ఉండిపోయింది.

బయటికొస్తుంటే మావాడు "మీ అవ్వ సమాధి ఎక్కడన్నా?" అనడిగాడు.

మా చేను గట్టు మీద, వేపచెట్టు కింద. రాయి పెట్టలేదు. చెట్టే గుర్తు.

ఆ చేను అమ్మేసి హైదరాబాదులో ఫ్లాటు కొందామని పోయిన నెలే నాన్నకి చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడకుండా ఫోన్ అమ్మకిచ్చాడు. అప్పుడు నాకు విసుగొచ్చింది. ఎందుకు మాట్లాడలేదో ఇప్పుడు తెలిసింది. ఈసారి ఫోన్లో కాదు, ఊరికెళ్ళి మాట్లాడాలి.