దూకే ముందు దిగడం నేర్వాలి

హౌరాలో శైలేన్ మన్నా పేరు వినని వాళ్లు అరుదు. ఇక్కడి స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆయన మన ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. అవే పోటీల్లో మరో భారతీయుడికి ఎదురైన అనుభవం మాత్రం మన సర్వీసుల్లోనే చాలామందికి తెలియదు. ఆయనే హెన్రీ రెబెల్లో. తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో గ్రూప్ కెప్టెన్ అయ్యారు.

అప్పటికి రెబెల్లో వయసు 19. ఆ ఏడాదే బెంగళూరులో ట్రిపుల్ జంప్‌లో 50 అడుగుల 2 అంగుళాలు, అంటే 15.29 మీటర్లు దూకారు. లండన్‌లో స్వర్ణం గెలిచిన దూరం 15.40 మీటర్లే! ఫైనల్లో ఆయన వంతు రాగానే, పతక ప్రదానం జరుగుతోంది, ఆగమన్నారు. చలికి ఒళ్లు చల్లబడిపోయింది. మళ్లీ వార్మప్ లేకుండానే దూకారు. తొడ వెనక కండరం తెగింది. పోటీ అక్కడితో సరి.

దూకుడుకు ఒక శాస్త్రం ఏర్పడింది ఆ తర్వాతే. 1960లలో సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ 'డెప్త్ జంప్' పద్ధతిని తీర్చిదిద్దారు. ఎత్తు నుంచి దిగి, పాదం నేల తాకీ తాకగానే పైకి లేవడం అన్నమాట. సాగిన కండరం వెంటనే ముడుచుకుంటే రబ్బరులా ఎక్కువ బలం ఇస్తుంది. ఆయన చెప్పిన 75 సెంటీమీటర్ల ఎత్తు బరువులెత్తి కాళ్లు గట్టిపడిన వాళ్లకే. 1975లో దీనికి 'ప్లయోమెట్రిక్స్' అని పేరుపెట్టిన అమెరికన్ ఫ్రెడ్ విల్ట్ కూడా 1948 లండన్‌లో 10,000 మీటర్లు పరుగెత్తినవాడే.

రిటైరై హౌరాలో స్థిరపడ్డాక నేను గమనించింది ఒకటుంది. ఆర్మీ ర్యాలీలో 9 అడుగుల గుంత దాటాలని కుర్రాళ్లు మొదటి రోజు నుంచే గోడల మీంచి సిమెంటు నేల మీదికి దూకేస్తారు. మోకాలు పోతే మెడికల్‌లో అన్‌ఫిట్, ఉద్యోగం ఆశ పోయినట్టే.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు వరస ఇలా చెబుతాను. ముందు ఒళ్లు వేడెక్కాలి. మొదటి వారాల్లో దిగడమే నేర్చుకోవాలి: చప్పుడు కాకూడదు, మోకాళ్లు లోపలికి వాలకూడదు. తర్వాత తాడాట, నిలబడి రెండు కాళ్లతో దూకడం, చిన్న పెట్టె మీదికి ఎక్కడం. ఆ పైన ఒంటికాలి గెంతులు. డెప్త్ జంప్ అన్నింటికన్నా చివర. కొత్తవాళ్లు ఒక పూటలో పాదాలు నేల తాకే లెక్క 80 నుంచి 100 దాటకూడదు. మధ్యలో కనీసం 48 గంటల విశ్రాంతి. మెత్తటి గడ్డి నేల మేలు. ఎత్తు, లెక్క రెండూ ఒకేసారి పెంచవద్దు. నొప్పి వస్తే ఆపెయ్యాలి.

హౌరా జిల్లా దేవుల్‌పూర్ కుర్రాడు, మన ఆర్మీ హవల్దార్ అచింత షెవులీ 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మొత్తం 313 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. అంత బరువు ఒక్కరోజులో ఎవరికీ లేవదు. కిలో కిలో పెంచుకుంటూ పోవాల్సిందే. దూకుడూ అంతే.

మిత్రులారా, సెలవుకు ఊరెళ్లినప్పుడు ర్యాలీకి తయారవుతున్న తమ్ముళ్లకు ఈ వరస చెప్పండి. రెబెల్లో గారికి ఆ రోజు దక్కని జాగ్రత్త వాళ్లకైనా దక్కాలి.